రూపము: ఉద్దీపనమా, ప్రమాణమా?

లోకమున రూపమును గూర్చి రెండు మాటలు వినబడును. రూపమున నేమున్నది, గుణమే ప్రధానమనునది మొదటిది. ఇది సభలలో చెప్పబడును. పిల్ల చూచుట కెట్లున్నదనునది రెండవది. ఇది ఇండ్లలో అడుగబడును. ఒకే మనుష్యుడు సభలో మొదటి మాటను, ఇంట రెండవ మాటను పలుకుట అరుదు కాదు. ఈ విరోధమును పరిహరింపవలెనన్నచో, రూపమునకు శాస్త్రములు ఎంత విలువ నిచ్చినవి, ఏ స్థానమున నిలిపినవి అను రెండంశములను వేరుపరచి చూడవలెను. స్థానము తెలిసినగాని విలువ తెలియదనుట ఈ వ్యాసమునకు ప్రతిపాద్యము.

ఈ విచారమునకు నల్లగొండ సీమ తగిన క్షేత్రము. హైదరాబాదు-విజయవాడ రాజమార్గముపైనున్న కట్టంగూరు నుండి పడమటి దిక్కుగా పోయినచో రాచకొండ దుర్గము వచ్చును. రూపలావణ్యాది శబ్దములకు సూక్ష్మమైన లక్షణములను రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన దుర్గమది. అదే కట్టంగూరునకు పశ్చిమనైరృతి దిక్కులలో మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ మండలములు కలవు. త్రాగునీటిలోని ఫ్లోరైడు దోషముచే తరతరముల ప్రజల దంతములు, ఎముకలు చెడిన ప్రాంతమది. సౌందర్యమునకు లక్షణము చెప్పిన చోటు, ఆ లక్షణమునకు పరీక్ష పెట్టిన చోటు ఇంత దగ్గరగా నుండుట విశేషము.

శబ్దవిచారము

వ్యవహారమున అందమను ఒక్క మాటతో సరిపెట్టుకొను దానిని అలంకారికులు విభజించి చెప్పిరి. 14వ శతాబ్ది ఉత్తరార్ధమున సింగభూపాలుడు రచించిన రసార్ణవసుధాకరము రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము అను మూడు విలాసముల గ్రంథము. అందు మొదటి విలాసమున ఉద్దీపనవిభావమును నిరూపించుచు, గుణము, చేష్ట, అలంకృతి, తటస్థము అని అది నాలుగు విధములుగా చెప్పబడినది. వీనిలో గుణములు యౌవనము, రూపము, లావణ్యము, సౌందర్యము, అభిరూపత, మార్దవము, సౌకుమార్యము అని ఏడు.

ఈ ఏడింటి లక్షణములను పరిశీలించినచో గ్రంథకర్త దృష్టి తెలియును. ఆభరణములు లేకున్నను అంగములు ఆభరణములు పెట్టినట్లే శోభించుట రూపము. ముత్యములోపల కదలాడు కాంతివంటిది అంగములందు తోచుట లావణ్యము. అంగప్రత్యంగములు తగిన రీతిని, సంధులు చక్కగా కలిసి అమరియుండుట సౌందర్యము. తన గుణముల ఉత్కర్షచే దగ్గరనున్న యితర వస్తువును సైతము తనతో సమానముగా చేయగలుగుట ఆభిరూప్యము. తాకినను తాకనట్లే యుండుట మార్దవము. మెత్తని వస్తువుయొక్క స్పర్శను గూడ ఓర్వలేకుండుట సౌకుమార్యము. యౌవనము వయోధర్మమగుటచే దానిని ప్రత్యేకముగా వివరింప పనిలేదు.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, ఈ లక్షణములలో దేనియందును శరీరవర్ణమున కెట్టి ప్రసక్తియు లేదు. లావణ్యమున చెప్పబడిన కాంతి ముత్యము లోపలి తరళత్వమేకాని తెలుపు కాదు. నల్లని మేనియందును అది యుండవచ్చును. కవులు నాయికలను బంగారుతీగెలతో పోల్చుట నిజమే. అది వర్ణనాసంప్రదాయము, లక్షణము కాదు. లక్షణమున వర్ణమును చేర్చినచో భారతకథలో నల్లనిదగుటచేతనే కృష్ణ యను పేరు పొందిన ద్రౌపదియందు అవ్యాప్తి దోషము సంభవించును. రామకృష్ణులు శ్యామవర్ణులగుట చెప్పనవసరము లేదు. పెండ్లిచూపులలో మొట్టమొదట పరిశీలింపబడు దేహచ్ఛాయకు లక్షణగ్రంథమున ఆధారము లేదనుట ఇందుచే తేలుచున్నది.

రెండవది, ఆభిరూప్యలక్షణము. మిగిలినవి తన దేహమున నిలిచిపోవు ధర్మములు. ఇది మాత్రము పక్కనున్నదానికి సంక్రమించు ధర్మము. తాను శోభించుటయేగాక సమీపమున నున్నవారిని శోభింపజేయునదే అభిరూపమని చెప్పుటలో, చూచువాని దృష్టినుండి కలిసి మెలగువాని అనుభవమునకు విచారము కదలినది. కొలతకు లొంగు అంశము సౌందర్యమొక్కటియే. అదియు తగిన రీతిని అనుటచే నియతమైన కొలతను విడిచి ఔచిత్యమును ఆశ్రయించినది.

ఉద్దీపనస్థానము

ఈ గుణము లన్నియు ఉద్దీపనవిభావమున చేర్చబడుట ముఖ్యవిషయము. శృంగారమున స్థాయి రతి. విభావము దానికి కారణము. అందును ఉద్దీపనము ఉన్న దానిని ప్రకాశింపజేయునది. నిప్పునకు గాలి యెట్లో రతికి రూపమట్లు. గాలి లేనిచో నిప్పు వెలుగకపోవచ్చును. కాని గాలియే ఇంధనము కాజాలదు.

రతికి హేతువులను చెప్పునపుడు సింగభూపాలుడు నిసర్గము, అభియోగము, సంసర్గము, అభిమానము, ఉపమ, అధ్యాత్మము, విషయము అని ఏడింటిని పేర్కొనెను. కంటికి గోచరించు రూపమునకు ఈ పట్టికలో ప్రత్యేకస్థానము లేదు. విషయమను కడపటి హేతువునందు శబ్దస్పర్శరసగంధములతోపాటు అదియు నొకటి. మరియు అంకురము, పల్లవము, మొగ్గ, పువ్వు, ఫలము, భోగము అను ఉపమానక్రమమున రతి ప్రేమ, మానము, ప్రణయము, స్నేహము, రాగము, అనురాగములుగా పరిణమించునని చెప్పబడినది. చూపు అంకురమునకు తోడ్పడును. అంకురము ఫలమగుటకు కావలసిన నీరు వేరు. కలసి నివసించుట, ఓర్పు, పరస్పరవిశ్వాసము మొదలగునవి చూపులోనివి కావు.

నాయకగుణములను చెప్పుపట్టున కన్నులకు ఆనందము కలిగించు ఔజ్జ్వల్యము ఒక గుణముగా చెప్పబడినది. దానితోపాటు ఔదార్యము, స్థైర్యము, దక్షత, ధార్మికత, కృతజ్ఞత, శుచిత్వము మొదలగు గుణములు పెక్కు చెప్పబడినవి. నేటి వరునియందు ఈ పట్టికలోనివి విచారించు వారును, వధువునొద్ద మాత్రము కన్నులతోనే విచారము ముగించుచున్నారు. ఈ భేదమునకు శాస్త్రమున హేతువు కానరాదు.

పూర్వపక్షము: ఆకృతియే గుణసూచకము

ఇచట పూర్వపక్షి యిట్లనును. రూపము ఉద్దీపనమే యగుగాక. అది గుణములకు సూచకము గూడ. ఆకృతి యున్న చోట గుణములుండునని లోకోక్తి కలదు. కుమారసంభవమున అయిదవ సర్గలో బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు, రూపము పాపమునకు దారితీయదను మాట సత్యమేయని పార్వతితో పలికెను. మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకమునందు న్యాయాధికారి చారుదత్తుని ముఖమును, విశాలనేత్రములను చూచి, ఇట్టి ఆకృతి కలవాడు అకారణముగా దోషము చేయడని తలంచెను. ఆ తలంపు నిజమే యైనది గదా.

దీనికి సమాధానము. కుమారసంభవమున ఆ మాటకు హేతువుగా చెప్పబడినది పార్వతియొక్క శీలము. మునులకు సైతము ఉపదేశముగా నుండదగిన ఆమె నడవడిని చూచిన తరువాతనే, రూపమును గూర్చిన లోకోక్తి నిలిచినదని ఆ బ్రహ్మచారి చెప్పెను. అనగా రూపముచే శీలము సాధింపబడలేదు. శీలముచే లోకోక్తి సమర్థింపబడినది. పైగా ఆ సర్గ యారంభమే, మన్మథుడు దగ్ధుడైన పిదప పార్వతి తన రూపమును తానే నిందించుకొనుటతో జరిగినది. రూపము సాధింపలేనిదానిని తపస్సు సాధించుట ఆ సర్గకు ప్రాణము.

మృచ్ఛకటికమున న్యాయాధికారి తలంపు యథార్థమగుట కాకతాళీయము. అతడు దానిని ప్రమాణముగా గ్రహింపలేదు. సాక్ష్యమును విని, విదూషకునినుండి జారిపడిన ఆభరణములను చూచి నిర్ణయము చేసెను. ఆ నిర్ణయము పొరపాటగుటచే సాక్ష్యమును మరింత శోధింపవలెనను నీతి లభించును. ముఖమును నమ్మవలెనను నీతి లభింపదు. ముఖమే ప్రమాణమైనచో న్యాయస్థానముతో పనియే లేదు.

వ్యభిచారమునకు ఉదాహరణములు స్పష్టములు. మారీచుడు బంగారులేడియై వచ్చెను. పూతన సుందరియై వచ్చెను. ఇటు భారతమును రచించిన వ్యాసుడు, అంబిక కన్నులు మూసికొనునంతటి భయంకరాకృతితో వచ్చెను. రూపమున్నచోట గుణము లేకుండుట, రూపము లేనిచోట మహాగుణముండుట రెండును కనబడుచుండగా వ్యాప్తి యెట్లు సిద్ధించును?

అయినను లోకమున ఈ భ్రమ బలమైనది. 1972లో అమెరికా దేశమున మిన్నెసోటా విశ్వవిద్యాలయమున కారెన్ డయన్, ఎల్లెన్ బెర్షీద్, ఎలేన్ వాల్స్టర్ అను పరిశోధకులు విద్యార్థులకు కొందరి ఛాయాచిత్రములను చూపి, వారి స్వభావమును ఊహింపుమనిరి. చక్కని ముఖము కలవారే మంచి స్వభావము కలవారనియు, వారి దాంపత్యము సుఖముగా నుండుననియు విద్యార్థులు ఊహించిరి. వారికి దొరకినది చిత్రము మాత్రమే. గుణమును వారే ఆరోపించిరి. శుక్తియందు రజతమును చూచుటవంటి అధ్యాసమిది.

దంతములు చెప్పు సాక్ష్యము

6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో పురుషలక్షణమును, కన్యాలక్షణమును వేర్వేరు అధ్యాయములలో చెప్పెను. కన్యాలక్షణమున మొల్లమొగ్గలవలె తెల్లనివై సమముగా నున్న దంతములు శుభలక్షణముగా పరిగణింపబడినవి. మనుస్మృతి మూడవ అధ్యాయమున గూడ వధువును ఎంచుకొను పట్టున వెండ్రుకలు, దంతములు, నడక మొదలగునవి చెప్పబడినవి. ఈ వాక్యములను దాచి, మన శాస్త్రములు రూపమును పట్టించుకొనలేదనుట సత్యము కాదు. పట్టించుకొన్నవి. వానిని ఎట్లు అన్వయింపవలెననునదే ప్రశ్న.

నల్లగొండ సీమలో ఈ వాక్యములను యథాతథముగా అన్వయించినచో ఏమి జరుగును? ఇచటి భూమి గ్రానైటు శిలలతో కూడినది. ఆ శిలలలోని ఫ్లోరైడు భూగర్భజలమున కరగును. త్రాగునీట లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి యది యుండరాదని భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. ఆ పరిమితిని మించిన నీటిని బాల్యమున, సుమారు ఎనిమిదేండ్ల వయస్సులోపల, దంతములపైని పింగాణివంటి పొర ఏర్పడుచుండగా త్రాగినవారికి పండ్లపై పసుపుపచ్చని, గోధుమరంగు మరకలు నిలిచిపోవును. ఎంత తోమినను అవి పోవు. అధికమోతాదులో ఏండ్ల తరబడి త్రాగినచో వెన్నెముక, కీళ్ళు బిగిసి, ఎముకలు వంగును. ఈ వ్యాధిని గూర్చి 1955లోనే ఎ. హెచ్. సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా పేరుతో వ్యాసము ప్రకటించెను. పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు ప్రక్రియకు నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు నల్లగొండ ప్రక్రియయని పేరు పెట్టిరి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచే నదీజలములు గ్రామములకు చేరుచున్నవి. అయినను అంతకుముందు ఏర్పడిన దంతముల మరకలు నీరు మారినంతమాత్రమున మారునవి కావు.

ఇట్టి గ్రామమున ఒక కన్యను చూచుటకు వచ్చినవారు ఆమె పండ్లను చూచి లేచిపోయినచో, వారు చదివిన లక్షణమేమి? ఒకే బావి నీరు త్రాగి పెరిగిన పిల్లలందరి పండ్లు ఒకే తీరున నుండును. అదే కుటుంబమున పుట్టి, చిన్ననాటినుండి మేనమామ ఊరిలో మంచినీరు త్రాగి పెరిగిన పిల్ల పండ్లు తెల్లగా నుండును. ఈ అన్వయవ్యతిరేకములచే ఆ మరక దేనిని తెలుపుచున్నదో తేలుచున్నది. అది బావిని తెలుపును. కన్యయొక్క శీలమునుగాని, కులమునుగాని, భవిష్యత్తునుగాని తెలుపదు. నవ్వునపుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనుట అలవాటైన బాలికకు ఈ యొక్క వాక్యార్థము తెలిసినచో ఎంతయో ఊరట కలుగును. ఆమెను చూడ వచ్చినవారికి తెలిసినచో ఇంకను మేలు.

ఇందులకు ప్రమాణము వరాహమిహిరుని గ్రంథమునందే కలదు. బృహత్సంహితలో భూగర్భజలమును కనుగొను దకార్గళాధ్యాయము కలదు. ఆకాశమునుండి ఒకే రుచితో, ఒకే వర్ణముతో పడిన నీరు భూమియొక్క భేదముచే నానారుచులను, నానావర్ణములను పొందుననియు, కావున నీటిని భూమిననుసరించి పరీక్షింపవలెననియు అందు చెప్పబడినది. కన్యాలక్షణమును చదువువారు దకార్గళమును గూడ చదివినచో, భూగుణము నీటికి వచ్చును, నీటిగుణము దేహమునకు వచ్చునని గ్రహింపగలరు. గ్రంథమున ఒక అధ్యాయమును పట్టుకొని మరియొక అధ్యాయమును విడుచుట అర్ధజరతీయన్యాయము.

అంతేకాదు. ఆ గ్రంథమునందే స్త్రీప్రశంసలో, పురుషులు చేయని ఏ దోషమును స్త్రీలు చేసిరో సత్యముగా చెప్పుడని వరాహమిహిరుడు నిలదీసెను. సౌభాగ్యకరణాధ్యాయమున, ఇతరులకు ప్రీతిపాత్రమగుటకు దాక్షిణ్యమొక్కటియే హేతువనియు, మంత్రౌషధాది కపటప్రయోగములవలన దోషములే యెక్కువ యనియు చెప్పెను. దంతముల తెలుపును చెప్పినవాడే దాక్షిణ్యమును హేతువనుటచే, మొదటిది చిహ్నముగను రెండవది కారణముగను అతడు తలంచినట్లు ఊహింపవచ్చును. మేనిచాయను మార్చుటకు అమ్మబడు లేపనములకు ఈ వాక్యము నేటికిని చక్కగా వర్తించును. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ అను లేపనము తన పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చుకొన్నది. తెలుపే అందమని చెప్పుట తగదను అభిప్రాయము బలపడుటచే పేరు మారినది. చూచువారి కన్ను ఎంతవరకు మారినదో వారివారి ఇండ్లలోనే తెలియవలెను.

మనువును ఉదాహరించువారు గూడ మూడవ అధ్యాయముతో ఆగరాదు. నాలుగవ అధ్యాయమున, అంగలోపము కలవారిని, అధికాంగములు కలవారిని, రూపము లేనివారిని, ధనము లేనివారిని ఆక్షేపింపరాదని నిషేధము కలదు. ఎంచుకొనుటకు స్వేచ్ఛ యున్నను, అవమానించుటకు అధికారము లేదు. చూపులకు వచ్చి, పిల్ల వినుచుండగా ఆమె రంగును, పండ్లను వ్యాఖ్యానించుట ఈ నిషేధమునకు విషయమే.

నలోపాఖ్యానము

రూపము గుర్తుగా గూడ చాలదని నలకథ తెలుపును. నన్నయ అరణ్యపర్వమున తెనుగు చేసిన ఈ కథ ప్రాచ్యకళాశాలల విద్యార్థులకు సుపరిచితము. దమయంతి నలుని చూడకమునుపే హంసవలన విని అనురక్తురాలయ్యెను. స్వయంవరమున ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని రూపమును ధరించి కూర్చుండిరి. అయిదుగురియందు ఒకే సౌందర్యముండుటచే సౌందర్యము నిరుపయోగమైనది. అప్పుడామె సత్యమును శరణు పొందెను. దేవతలకు చెమట లేదు, రెప్పపాటు లేదు, మాలలు వాడలేదు, పాదములు నేలనంటలేదు. చెమట పట్టినవాడు, ధూళి యంటినవాడు, మాల వాడినవాడు, నీడ కలవాడు నలుడని గుర్తించి వరించెను. లోపములని తలంపదగినవే ఆమెకు గుర్తులైనవి.

తరువాత కర్కోటకుని కాటుచే నలుడు వికృతరూపుడై బాహుకుడయ్యెను. అప్పుడు రూపమే లేదు. ఐనను దమయంతి కేశినిని పంపి, అతని పాకవిధానమును, అతడు తాకిన పువ్వులు వాడకుండుటను, పిల్లలను చూచి కన్నీరు విడుచుటను తెలిసికొని, అతడే నలుడని నిశ్చయించెను. ఒకమారు రూపము ఎక్కువై విఫలమైనది. మరియొకమారు లేక విఫలమైనది. రెండుమారులును నిశ్చయము కలిగించినవి వేరు చిహ్నములు.

అష్టావక్రుని కథయందు గూడ ఒక సంగతి గమనింపదగును. వంకరదేహమును చూచి జనకసభలోనివారు నవ్విరనుట లోకప్రసిద్ధమైన కథ. భారతమున ద్వారపాలకుడు చేసిన ఆక్షేపణ బాలుడగుటను గూర్చినది. వాదమున జయించిన పిదప సమంగానదిలో మునిగి అతడు సరియైన అంగములను పొందెనని భారతము చెప్పుచున్నది. విద్యచే గెలిచినవానికి సైతము చక్కని దేహము నిచ్చి కథ ముగించుటచే, రూపమును కోరుట మానవసహజమని వ్యాసుడు అంగీకరించినట్లే. ఆ కోరికను దోషమనుట తగదు. ఆ క్రమమును గమనింపవలెను: గౌరవము ముందు లభించినది, రూపము తరువాత.

సిద్ధాంతము

కాబట్టి రూపమున కసలు విలువయే లేదనుట అతివాదము. తెలుగునాట పెక్కు కుటుంబములకు సూత్రకారుడగు ఆపస్తంబుడు గృహ్యసూత్రమున, బంధువులు, శీలము, లక్షణములు, ఆరోగ్యము కల కన్యను వివాహమాడవలెనని చెప్పి, ఎవతెయందు మనస్సును కన్నులును లగ్నమగునో ఆమెయందే సమృద్ధి కలుగును, ఇతరమును ఆదరింప పనిలేదని కొందరి మతమును గూడ ఉదాహరించెను. కన్నులకు స్థానమున్నది. ఐతే ఆ సూత్రమున సమాసములో మనస్సు ముందు, కన్ను వెనుక నిలిచినవి. లఘ్వక్షరత్వముచే ఆ క్రమము వ్యాకరణసిద్ధమైనను, అభ్యర్హితము ముందుండుననుట అర్థమునకు పోషకము. మరియు లగ్నము కావలసినది వధూవరుల మనస్సు, కన్నులు. చుట్టూ కూర్చున్న బంధువుల కన్నులకు సూత్రకారుడు అధికారమీయలేదు.

ఇంతవరకు జరిగిన విచారమున తేలినదిది. రూపము రతికి ఉద్దీపనము. ఆ స్థానమున అది సార్థకము. గుణమునకు అది ప్రమాణము కాదు. ఆ స్థానమున నిలిపినచో అన్యాయము జరుగును. దేహమునందలి చిహ్నములలో పెక్కు నేల, నీరు, ఆహారము, వ్యాధి మొదలగు కారణములవలన కలుగునవి. కారణము తెలియక చిహ్నమును స్వభావముగా చదువుట లక్షణశాస్త్రమునకే అపచారము.

కన్యాలక్షణ భాగములను బోధించు అధ్యాపకులు ఈ భేదమును విద్యార్థులకు స్పష్టముగా చెప్పుట అవసరము. ఆ తరగతిలో కూర్చున్న బాలికలలో ఆ నీరు త్రాగి పెరిగిన యిండ్లనుండి వచ్చినవారు ఉండవచ్చును. దకార్గళము చెప్పక కన్యాలక్షణము మాత్రమే చెప్పినచో, వారికి శాస్త్రమే తమకు ప్రతికూలముగా సాక్ష్యమిచ్చినట్లు తోచును. రెంటిని కలిపి చెప్పినచో, తమ పండ్లమీది మరక తమ ఊరి బావిదని శాస్త్రముఖమున వినిన వారగుదురు.